పూతకొచ్చిన గదిలో ఉక్కపోత

ఆట లేని చలికాలం రాత్రుల్లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జనం ఉండరు, దీపాలు మాత్రం వెలుగుతుంటాయి. ఆటకు వెలిగించే ఫ్లడ్‌లైట్లు కావవి. పచ్చిక మీదికి పొడవాటి ఇనుప చట్రాలను దొర్లించుకొచ్చి, వాటికి వేలాడే దీపాల కింద గడ్డికి గంటల తరబడి ఎండ పెడతారు. 2007లో 90,000 సీట్లతో కొత్త స్టేడియం తెరిచాక, అంత ఎత్తు కట్టడం నీడకూ కచేరీల తొక్కుడుకూ గడ్డి నిలదొక్కుకోలేకపోయింది. మొదటి మూడేళ్లలోనే పదిసార్లు పచ్చికను పెకలించి కొత్తది పరచాల్సి వచ్చింది. ఆ దీపాలు వెలుగుతో పాటు బోలెడంత వేడినీ దించుతాయి. అయితే పైన ఆకాశం ఉంది, వేడి దారి చూసుకుని వెళ్లిపోతుంది.

అదే జాతి దీపాలను ఒక పడకగది కప్పుకు వేలాడదీసి, కిటికీలకు అట్టలు కొట్టి, కింద గంజాయి మొక్కలు పెట్టారనుకుందాం. లండన్ శివార్లలో పోలీసులు తలుపులు బద్దలుకొట్టి చూసే దృశ్యం ఇదే. బ్రిటన్‌లో 1971 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద హోం ఆఫీస్ లైసెన్సు లేకుండా గంజాయి పెంచడం నేరం. గరిష్ఠ శిక్ష 14 ఏళ్ల జైలు. 2004లో ‘సి’ తరగతికి దించిన గంజాయిని 2009 జనవరిలో మళ్లీ ‘బి’ తరగతికి ఎక్కించారు. చట్టం సంగతి అలా ఉంచి మొక్క సంగతి చూస్తే, ఆ గదిలో జరిగేది ఆసక్తికరమైన భౌతికశాస్త్రం. ఇంగ్లండ్ చలిదేశం కదా, మొక్కకు వెచ్చదనం ఎక్కణ్నుంచి తేవాలన్నదే అక్కడి బెంగ అనుకుంటాం. మూసిన గదిలో లెక్క తిరగబడుతుంది. వెచ్చదనానికి కరవు లేదు, దాన్ని బయటికి పంపే దారికే కరవు.

చిన్న లెక్క వేసుకుంటే తెలుస్తుంది. ఇలాంటి చోట్ల ఎక్కువగా కనిపించేవి 600 వాట్ల సోడియం దీపాలు. పది దీపాలంటే 6,000 వాట్లు. అందులో మొక్క తిండిగా మార్చుకునేది చాలా కొద్ది. మిగిలినదంతా, వెలుగుగా బయల్దేరినది కూడా, ఆకులకూ గోడలకూ తగిలి చివరికి వేడిగానే మారుతుంది. ఇంట్లో వాడే 2,000 వాట్ల రూమ్ హీటర్లు మూడింటిని ఒకే గదిలో పెట్టి తలుపు మూసినట్టే. పూత దశలో గంజాయి మొక్కకు 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి అలవాటు. అంటే రోజుకు దీపాలకే 72 యూనిట్ల కరెంటు. బ్రిటన్ ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2023లో మామూలు ఇంటి వాడకంగా లెక్కగట్టింది ఏడాదికి 2,700 యూనిట్లు, రోజుకు ఏడున్నర కూడా కాదు. ఒక్క గది దాదాపు పది ఇళ్ల కరెంటు తాగుతుంది.

వెంబ్లీలో చాలా ఇళ్లు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టినవి. ఒక గోడ పంచుకున్న జంట ఇళ్లు, చిన్న గదులు, లోపలి వెచ్చదనాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచాలని లేపిన ఇటుక గోడలు. హీత్రూలో 40.2 డిగ్రీలు నమోదైన 2022 జులై 19న ఆ గోడల మధ్య ఉన్నవాళ్లకు అవి వేడిని ఎంత గట్టిగా పట్టుకుంటాయో అనుభవంలోకి వచ్చింది. అలాంటి గదిలో మూడు హీటర్ల వేడి.

పూతకూ ఉష్ణోగ్రతకూ ఉన్న బంధం గురించి శాస్త్రం ముందు తప్పటడుగు వేసి, తర్వాత సరిదిద్దుకుంది. ఆ కథలో గంజాయి మొక్కకు పెద్ద పాత్రే ఉంది. పారిస్‌లో జూలియన్ టూర్నువా అనే యువ వృక్షశాస్త్రజ్ఞుడు 1910 ప్రాంతంలో హాప్స్ మొక్కలనూ గంజాయి జాతి మొక్కలనూ చలికాలంలో గాజు ఇంట్లో మొలకెత్తించాడు. జానెడు కూడా ఎదగని మొక్కలు తొందరపడి మొగ్గ తొడిగాయి. గాజు ఇంటి వెచ్చదనమా, తేమా, దేని మహిమ ఇది? ఒక్కొక్కటే మార్చి చూసి, వాటి పాత్ర లేదని తేల్చి, కారణం పగటి పొడవులో ఉందని పట్టుకున్నాడు. 1914 నాటికి ఇంకో అడుగు వేసి, పగలు తగ్గడం కన్నా రాత్రి సాగడమే అసలు సంగతి అన్నాడు. ఆ ఏడాదే యుద్ధంలో చనిపోయాడు. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద ఇదే సంగతి విస్తారంగా నిరూపించాక లోకం దాన్ని ఒప్పుకుంది. టూర్నువా పేరు పాఠ్యపుస్తకాల్లో ఓ మూలకు చేరింది. బతికి ఉంటే ఆయన ఎంత దూరం వెళ్లేవాడో అనిపిస్తుంది.

అలా పూతకు సైగ ఇచ్చేది రాత్రి అని తేలింది, ఉష్ణోగ్రత నిర్దోషిగా బయటపడింది. కానీ పూర్తిగా కాదు.

చామంతి తోటల వాళ్లకు ఈ రెండో సగం బాగా తెలుసు. చామంతి కూడా పొడవాటి రాత్రి చూసి మొగ్గ తొడిగేదే. కోలారు, చిక్కబళ్లాపురం వైపు, తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఊళ్లలో, రాత్రిపూట చామంతి తోటల నిండా బల్బులు వెలుగుతుంటాయి. రాత్రిని మధ్యలో తుంచి పూతను ఆపి, ధర పలికే రోజులకు పూలు అందేలా చూసుకోవడమే ఆ దీపాల పని. ఆ రైతులు ఇంకొకటి కూడా గమనిస్తారు. రాత్రి ఎంత పొడుగున్నా, ఆ రాత్రి మరీ వెచ్చగా ఉంటే మొగ్గ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి వంకర పోతుంది. పూల తోటల శాస్త్రంలో దీనికి ‘వేడి జాప్యం’ అనే అర్థంలో ప్రత్యేకంగా పేరే ఉంది. క్రిస్మస్‌కు అమ్మే ఎర్రాకుల పాయిన్‌సెట్టియాలో కూడా ఇదే కనిపిస్తుంది.

ఎందుకిలా? 2016లో కేంబ్రిడ్జ్‌లో ఒక బృందం, అర్జెంటీనాలో మరో బృందం ఒకేసారి ఒక సంగతి బయటపెట్టాయి. మొక్క వెలుగును పసిగట్టడానికి వాడే ఫైటోక్రోమ్ అనే ప్రొటీనే దాని థర్మామీటరు కూడా. ఎర్రటి వెలుగు తగిలితే ఆ ప్రొటీన్ మేల్కొంటుంది, చీకట్లో మెల్లగా నిద్రలోకి జారుకుంటుంది. రాత్రి వెచ్చగా ఉంటే త్వరగా జారుకుంటుంది, చల్లగా ఉంటే నిదానిస్తుంది. ఆ వేగాన్ని బట్టి ఆ రాత్రి ఎంత వెచ్చనిదో మొక్కకు తెలుస్తుంది. గడియారమూ థర్మామీటరూ ఒకే గూటిలో ఉన్నప్పుడు ఒకదాన్ని కదిలించి రెండోదాన్ని కదలకుండా ఉంచడం కుదరదు. ఈ ప్రయోగాలు జరిగింది ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న కలుపుమొక్క మీద. అన్ని మొక్కల్లోనూ వివరాలు ఒకటే కాకపోయినా, ఆ ప్రొటీన్ మాత్రం పూల మొక్కలన్నిట్లోనూ ఉంది.

గంజాయి మొక్కకు ఎంత వేడి నప్పుతుందన్న ప్రశ్నకు చట్టబద్ధంగా జవాబు వెతికిన చోటు మిసిసిపి విశ్వవిద్యాలయం. 1968 నుంచి అమెరికా ప్రభుత్వం కోసం పరిశోధనకు అక్కడ గంజాయి పండిస్తున్నారు. 2008లో సుమన్ చంద్ర, హేమంత్ లత, వారి సహచరులు అక్కడి మొక్కల ఆకులను కొలిచి చూశారు. 20 డిగ్రీల నుంచి పెంచుతూ పోతే ఆకు తిండి తయారుచేసుకునే వేగం 30 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరింది, ఆపైన దిగజారింది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఆకుకు నచ్చినదే పూవుకూ నచ్చుతుందనుకుంటారు. మల్లెపూలు అమ్మే మనిషిని అడిగితే పొరపాటు ఎక్కడుందో చెబుతుంది. మల్లె తీగకు ఎండ కావాలి, వేసవి కావాలి. కోసిన మొగ్గకు తడిగుడ్డ కావాలి, చల్లదనం కావాలి, లేకపోతే మధ్యాహ్నానికే వాసన పోతుంది. గంజాయిలో ఆడ మొక్క పూలనిండా కంటికి ఆనీ ఆనని జిగురు గ్రంథులుంటాయి. మైర్సిన్, లిమొనిన్, పైనిన్ లాంటి సుగంధ తైలాలు పుట్టేది వాటిలోనే. తులసిలో, నిమ్మతొక్కలో, దేవదారులో మనం వాసన చూసే అణువుల చుట్టాలే ఇవి. తేలికైనవి, ఆవిరైపోయే గుణం గలవి. గది వెచ్చబడేకొద్దీ పూవులో ఉండాల్సినవి గాల్లోకి లేస్తాయి. మరోవైపు, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే మొక్క ఊపిరి తీసే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పగలు సంపాదించినది రాత్రి ఖర్చుపెట్టేస్తుంది. ఆకు లాభం చూసుకునే వేడి దగ్గర పూవు నష్టపోతూ ఉంటుంది. మరీ వేడెక్కితే పూగుత్తి గట్టిగా ముడుచుకోకుండా నక్క తోకలా పైకి సాగిపోతుంది.

ఇంకో చిక్కు. గోడకు తగిలించిన థర్మామీటరు చెప్పేది గాలి సంగతి, ఆకు సంగతి కాదు. సోడియం దీపం కింద ఆకు నేరుగా వేడి కిరణాలు తగిలి గాలి కన్నా వేడెక్కుతుంది. ఎల్ఈడీ దీపం ఆ కిరణాలను పెద్దగా పంపదు కాబట్టి చెమట పోసే ఆకు గాలి కన్నా చల్లగానే ఉండొచ్చు. గాలి ఒకటే, ఆకు జ్వరం వేరు.

చెమట అన్న మాట ఉపమానం కాదు. ఆకు అడుగున ఉన్న సన్నని రంధ్రాల గుండా మొక్క నీటిని ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,450 కిలోజౌళ్ల వేడి పడుతుంది. ఎండలో కుండ నీళ్లు చల్లబడేదీ అలాగే. మొక్క తన గదిని తానే చల్లబరుస్తుందన్నమాట. కానీ ఆ వేడి మాయమైపోలేదు, తేమ రూపంలో గాల్లో దాక్కుంది. విశాఖలో మే నెల సాయంత్రం గాలి ఆడనప్పుడు ఒంటికి తెలిసేది ఇదే. ఉష్ణోగ్రత అంకె పెద్దది కాకపోయినా చెమట ఆరదు, ప్రాణం ఉసూరుమంటుంది. గాలి తేమతో నిండిపోతే మొక్కకూ చెమట ఆరదు. చెమట ఆరకపోతే వేర్ల నుంచి నీరు పైకి ఎక్కదు, నీటితో రావాల్సిన కాల్షియం లాంటివి చిగురుకు అందవు.

ఆపైన దీపాలు ఆరతాయి. అసలు గండం అప్పుడు మొదలవుతుంది.

26 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి అత్యధికంగా 24 గ్రాముల చిల్లర నీటి ఆవిరిని మోయగలదు. 18 డిగ్రీలకు దిగితే 15 గ్రాముల చిల్లరే. దీపాలు వెలుగుతున్నప్పుడు గదిలో 26 డిగ్రీలు, గాలిలో తేమ 65 శాతం ఉందనుకుందాం. అంటే దాదాపు 16 గ్రాములు. దీపాలారి, బయటి జనవరి చలి గోడల గుండా లోపలికి వచ్చి గది 18కి జారిందంటే ఆ 16 గ్రాములను గాలి మోయలేదు. మిగిలింది కిటికీ అద్దం మీదా, గోడ మూలల్లోనూ, పూగుత్తి లోపలి మడతల్లోనూ మంచుబిందువులై కూర్చుంటుంది. ఆ తడి కోసం కాచుకున్న బూజు ఒకటుంది, బొట్రైటిస్ సినెరియా. ద్రాక్షగుత్తుల్నీ స్ట్రాబెర్రీలనూ బూడిదరంగులోకి మార్చేదీ అదే. పూవు ఎంత దట్టంగా ఉంటే దానికి అంత అనుకూలం. లోపలి నుంచి కుళ్లు మొదలవుతుంది కాబట్టి పైకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది. వేడి, తేమ, వెలుగు మూడు వేర్వేరు మీటలు కావు. ఒకటి తిప్పితే మిగతా రెండూ తిరుగుతాయి. వేడిని గెంటడానికి గాలి లాగితే తేమా పోతుంది, వాసనా వీధిలోకి పోతుంది. వాసన పోకుండా మూస్తే వేడి నిలుస్తుంది.

ఇదే పనిని చట్టం అనుమతితో, పెద్ద ఎత్తున చేసిన చోటు వెంబ్లీకి ఉత్తరాన నార్ఫోక్‌లో ఉంది. డౌన్‌హామ్ మార్కెట్ దగ్గర విస్సింగ్టన్‌లో బ్రిటిష్ షుగర్ సంస్థకు పెద్ద చక్కెర ఫ్యాక్టరీ. చెరకుతో కాదు, బీట్ దుంపతో చక్కెర తీస్తారు. ఆ ఫ్యాక్టరీలో వృథాగా పోయే వేడి నీటిని 240 మైళ్లకు పైగా గొట్టాల్లో తిప్పుతూ పక్కనే 18 హెక్టార్ల గాజు ఇంటిని వెచ్చబెట్టేవారు. పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌నూ మొక్కలకే ఇచ్చేవారు. ఏళ్ల తరబడి అక్కడ పండింది టమాటా. 2016లో టమాటా ఆపేసి, మరుసటి ఏడాది నుంచి జీడబ్ల్యూ ఫార్మాస్యూటికల్స్ కోసం హోం ఆఫీస్ లైసెన్సుతో, మత్తునిచ్చే టీహెచ్‌సీ తక్కువగా ఉండే గంజాయి రకం వేశారు. దాని నుంచి తీసిన సీబీడీ అనే పదార్థంతో తయారైన ఎపిడియోలెక్స్ మందుకు 2018 జూన్‌లో అమెరికా అనుమతి దొరికింది. మామూలు మందులకు లొంగని రెండు రకాల మూర్ఛవ్యాధులతో బాధపడే పిల్లల కోసం వచ్చిన మందు అది. అదే ఏడాది నవంబరు 1 నుంచి బ్రిటన్‌లో నిపుణ వైద్యులు గంజాయి ఆధారిత మందులు రాసే వీలు కలిగింది.

మందుకు పంట వేయడంలో ఉష్ణోగ్రతకు ఇంకో బరువు తోడవుతుంది. ఈ నెల పంటలో ఎంత సీబీడీ ఉందో వచ్చే నెలా అంతే ఉండాలి. మూర్ఛ వచ్చే బిడ్డకు కొలిచి పోసే చుక్కల్లో నిరుడు వేసవి వేడెక్కువన్న సాకు చెల్లదు. గాజు కప్పు తెరలు, కిటికీలు, వేడి నీటి గొట్టాలు నిమిషం నిమిషం చూసుకోవడం అందుకే. అయినా విస్సింగ్టన్‌కు సూర్యుడు ఉన్నాడు, ఫ్యాక్టరీ వేడి ఉంది. నాలుగు గోడల మధ్య రెండూ కొనాల్సిందే. అమెరికాలో ఇవాన్ మిల్స్ అనే పరిశోధకుడు 2012లో వేసిన లెక్క ప్రకారం ఇంటి లోపలి గంజాయి సాగు ఆ దేశపు కరెంటులో దాదాపు ఒక శాతం మింగేది. 2021లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రాంతాన్ని బట్టి కిలో ఎండు పూతకు 2,283 నుంచి 5,184 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు గాల్లో కలుస్తున్నాయని తేల్చారు. అందులో పెద్ద వాటా వేడినీ తేమనూ గాలినీ అదుపులో పెట్టే యంత్రాలదే.

అదే మొక్కకు తూర్పు కనుమలు ఇవన్నీ ఉచితంగా ఇస్తాయి. చింతపల్లి, పాడేరు, లంబసింగి కొండల మీద శీతాకాలం రాగానే రాత్రులు సాగుతాయి, సైగ అందుతుంది. రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది, పగలు ఎండ కాస్తుంది. వేల రూపాయల యంత్రాలు చేసే పని ఆ కొండ ఎత్తు ఒక్కటే చేసిపెడుతుంది. మైదానాల వ్యాపారులు గిరిజనుల చేత అక్కడ గంజాయి వేయించడానికి దారుల్లేని అడవీ, పేదరికమూ ఎంత కారణమో ఈ వాతావరణమూ అంతే కారణం. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఇదే కొండల చల్లదనం కాఫీకీ పనికొచ్చింది. అరకు కాఫీకి వచ్చిన పేరు చూస్తే, ఆ వాతావరణాన్ని దేనికి వాడాలన్న ప్రశ్నకు గిరిజన రైతులే గట్టి జవాబు చెప్పారనాలి.

మూసిన గది దాచలేనిదీ ఆ వేడే. 2015లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ పట్టణంలో మంచు కురిసింది. వీధిలో ఇళ్ల కప్పులన్నీ తెల్లగా ఉంటే ఒక్క కప్పు మీద మంచు నిలవలేదు. పోలీసులు లోపలికి వెళ్తే గంజాయి తోట. అమెరికాలోని ఆరెగాన్‌లో 1992లో పోలీసులు డానీ కైలో అనే వ్యక్తి ఇంటి వైపు వేడిని చూసే కెమెరా తిప్పి, గ్యారేజీ కప్పు మిగతా ఇంటి కన్నా వేడిగా ఉందని పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారంటు లేకుండా ఇంటి గోడల నుంచి వెలువడే వేడిని అలా కొలవడం సోదా కిందికే వస్తుందని 2001లో 5–4 తేడాతో తీర్పు వచ్చింది. 2021 జనవరిలో లాక్‌డౌన్ వల్ల మనుషులు లేక బోసిపోయిన లండన్ సిటీలో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గరి ఓ భవనంలో 800కు పైగా మొక్కలు దొరికాయి. అక్కడ పట్టిచ్చింది వాసన, వేడెక్కిన గదిలోంచి లేచిపోయిన ఆ తైలాలే.

మీటరుకు ముందే వైరు తగిలించి కరెంటు దొంగిలించడం ఇలాంటి చోట్ల మామూలు. పక్కింటితో ఒక గోడ పంచుకున్న ఇంట్లో, సన్నని వైరు మీద అంత బరువు పడి నిప్పంటుకుంటే అది రెండు కుటుంబాల చావుబతుకుల సమస్య. వెంబ్లీలో ఇల్లు కొని అద్దెకిచ్చే వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, గది పంచుకుని చదువుకునే తెలుగు పిల్లలూ ఉన్నారు. పగలూ రాత్రీ ఆగని ఫ్యాను హోరు, చలికాలంలో ఎప్పుడూ చెమర్చి ఉండే కిటికీలు, చేయి పెడితే వెచ్చగా తగిలే ఉమ్మడి గోడ గమనించి చెప్పాల్సిన సంగతులే.

ఆ గదుల్లో మొక్కల పక్కన తరచు ఒక మనిషి కూడా దొరుకుతాడు. వియత్నాం నుంచి, అల్బేనియా నుంచి అప్పుల ఉచ్చులో బిగించి తెచ్చిన కుర్రాళ్లు, కొందరు మైనర్లు. బయట తాళం, లోపల పరుపు, థర్మామీటరు చూసుకుంటూ నీళ్లు పోసే పని. మొక్కకు ఏర్పాటు చేసిన చల్లగాలి ఆ మనిషికి దొరికితే దొరికినట్టు. 2015లో వచ్చిన ఆధునిక బానిసత్వ చట్టంలోని 45వ సెక్షన్, బలవంతం మీద ఇలాంటి నేరం చేసిన బాధితులకు రక్షణ కల్పించింది. ఆ రక్షణ అందాలంటే తలుపు తెరిచిన అధికారి ఆ కుర్రవాణ్ని ముందు బాధితుడిగా చూడాలి.

సోదా జరిగిన ఇంట్లో మొదట చేసే పని కరెంటు తీయడం. దొంగ వైరు మీద చెయ్యి పడితే ప్రాణం పోతుంది కాబట్టి విద్యుత్ సిబ్బంది వచ్చి లైను కోసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోరు. దీపాలారతాయి, ఫ్యాన్లు ఆగుతాయి. గది చల్లబడటం మొదలవుతుంది. పోలీసులు మొక్కలు లెక్కపెడుతుండగానే కిటికీకి కొట్టిన అట్టల వెనక అద్దం మీద నీటి బొట్లు కట్టి, ఒకదానిలో ఒకటి కలిసి, కిందికి జారుతుంటాయి.